మేస్త్రిని కట్టిన మేస్త్రి

“ఏడు,” అన్నాడు మూటల మాస్టారు.

బల్లకు అవతలి వైపు కూర్చున్న అమ్మాయి పెన్సిల్‌ని కాగితం మీద ఆనించింది గానీ టిక్కు పెట్టలేదు. “నాకు రెండు వచ్చింది మాస్టారూ.”

“తర్వాతది సి.”

“నాకు తొమ్మిది.”

ఇక చదవడం అనవసరం. అయినా ఆయన చివరిదాకా చదివాడు. అరవై నాలుగు అంకెలూ అక్షరాలూ ఒకరు పైకి చదవడం, ఎదుటివాళ్ళు తమ కాగితంలో సరిచూసి టిక్కు పెట్టడం ఆ గదిలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఆ అరవై నాలుగింటినీ కలిపి వేలిముద్ర అంటారు. ప్రోగ్రాంలో ఎక్కడో ఒక చుక్క మారినా వేలిముద్ర మొత్తం మారిపోతుంది. ఒకే సోర్స్ కోడ్‌ని ఇద్దరు మనుషులు రెండు వేర్వేరు యంత్రాల మీద కట్టాలి. ఇద్దరి వేలిముద్రలూ కలిస్తేనే దాన్ని ప్యాకేజీగా మూటగట్టి బయటికి పంపాలి. ఆ మూటలు నలభై ఆస్పత్రులకు వెళ్తాయి. మంచాల పక్కన చుక్కచుక్కగా మందు ఎక్కించే యంత్రాల్లోకీ, గుండె కొట్టుకోవడం లెక్కపెట్టే యంత్రాల్లోకీ వెళ్తాయి.

ఇరవై ఆరేళ్ళుగా అదే పని చేస్తున్నాడు కాబట్టి ఆయన మూటల మాస్టారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు.

ఈసారి మూట మామూలుది కాదు, మేస్త్రి. తక్కిన ప్రోగ్రాములన్నిటినీ సోర్స్ కోడ్ నుంచి కట్టిపెట్టే ప్రోగ్రాంని ఆ గదిలో అలా పిలుస్తారు. ఏ రాయి ముందు, ఏ రాయి తర్వాత, దేని మీద ఏది నిలబడాలి అన్నది మేస్త్రే చూసుకుంటుంది. కొత్త మేస్త్రి ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి వస్తుంది. దాన్ని కట్టడానికి మళ్ళీ ఒక మేస్త్రి కావాలి. అదీ తిరకాసు.

“మూడుసార్లయింది,” అన్నాడు మాస్టారు, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తూ. “ఎక్కడో ఏదో జారిపోతోందమ్మా నీకు.”

“ఏడు మెట్లూ వరసగానే ఎక్కాను మాస్టారూ. మూడుసార్లూ.” ఆమె గోడ వైపు చూసింది. గోడకు అంటించిన కాగితం మీద ఏడు మెట్లు అచ్చువేసి ఉన్నాయి. మొదటి మెట్టులో నాలుగు పేజీల చిన్న ప్రోగ్రాం ఉంటుంది. దాన్ని కాగితం చూసి చేత్తో టైపు చేయాలి. దానితో కొంచెం పెద్దదాన్ని కట్టాలి. దానితో ఇంకొంచెం పెద్దదాన్ని. ఏడో మెట్టు మీద మేస్త్రి నిలబడుతుంది. తెల్లారి మొదలుపెడితే పొద్దు వాలేదాకా పని.

ఆ గదిలో ఆ మెట్లన్నీ ఎక్కేది ఆమె ఒక్కతే. అందుకే వచ్చిన మూడు నెలల్లోనే ఏడుమెట్లమ్మ అయిపోయింది. ఆమెకు ముందు సరిచూసే పని చేసి రిటైరైన పెద్దమనిషి మాస్టారి మేస్త్రిని పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకెళ్ళి దానితోనే కట్టేవాడు. కాఫీ చల్లారకముందే వేలిముద్రలు కలిసిపోయేవి.

“వద్దంటే వినవు. నా పాత మేస్త్రి తీసుకుని కట్టు, ఒక్క గంటలో తేలిపోతుంది,” అన్నాడు మాస్టారు.

“కాగితం మీద అలా లేదు కదండీ.”

ఆమె గొంతులో పొగరు లేదు. వేళ్ళ చివర్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. మూడు రోజుల్లో ఆ నాలుగు పేజీలూ మూడుసార్లు టైపు చేసింది. మాస్టారికి జాలి వేసింది. తన డబ్బాలోంచి రెండు బిస్కెట్లు తీసి ఆమె ముందు పెట్టాడు.

“ఈ శుక్రవారంతో నా ఒప్పందం అయిపోతుంది మాస్టారూ,” అంది ఆమె బిస్కెట్ల వంక చూస్తూ. “ఈ మూట కలవకపోతే నన్ను ఉంచరు.”

“ఎందుకుంచరు? నేను లేనూ?” అన్నాడాయన.

బుధవారం పొద్దున పెద్దసారు పిలిపించాడు. వయసులో మాస్టారి కన్నా పదేళ్ళు చిన్నవాడే గానీ అందరికీ ఆయన పెద్దసారే. అద్దాల గదిలో నిలబడే ఉన్నాడు. కూర్చుంటే మాట పొడుగవుతుందని ఆయన భయం.

“మాస్టారూ, మేస్త్రి సోమవారానికి వెళ్ళాలి. ఆస్పత్రులవాళ్ళు పీకలమీద కూర్చున్నారు. మీది సరిగ్గానే వచ్చిందా?”

“నాది ఎప్పటిలాగే వచ్చింది.”

“మరి ఆవిడది?”

“రాలేదు.”

“ఆమె యంత్రంలో లోపమా, ఆమెలోనా?”

“పని శ్రద్ధగానే చేస్తుందండీ.”

“శ్రద్ధ సంగతి కాదు. రెండు ముక్కలు రాసివ్వండి. ఆమె కట్టింది నమ్మదగ్గది కాదు, మీది నమ్మదగ్గది అని. మీ మాట అంటే పైవాళ్ళకు గురి. ఆ కాగితం ఉంటే నేను ఒక్క వేలిముద్రతోనే మూట పంపించేస్తాను. ఆమె ఒప్పందం సంగతి కూడా తేలిపోతుంది. నాకు మాత్రం సరదానా ఇది?”

మాస్టారు తన యంత్రం ముందు కూర్చుని నాలుగు వాక్యాలు టైపు చేశాడు. మూడో వాక్యం రాసి చెరిపేశాడు. మెత్తగా మళ్ళీ రాశాడు. ‘మంచి మనసు, ఓర్పు ఉన్న మనిషే గానీ ఈ పనికి కావలసిన నిలకడ ఇంకా రాలేదు.’ నాలుగో వాక్యంలో, శుక్రవారంతో ఆమె ఒప్పందం ముగియనివ్వడమే ఆమెకూ మేలేమో అని రాశాడు. అచ్చు తీసి సంతకం పెట్టి స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాడు. మెయిల్లో పంపడం మొరటుగా ఉంటుందనిపించింది.

అయినా మనసు కుదుటపడలేదు. ఇంటికి బయల్దేరే ముందు, మేస్త్రిని తయారుచేసేవాళ్ళ సహాయ కేంద్రానికి చిన్న ఉత్తరం రాశాడు. రెండు యంత్రాల మీద రెండు రకాల వేలిముద్రలు వస్తున్నాయి, ఇంకెవరికైనా ఇలా జరిగిందా అని అడిగాడు. అంతకు మించి ఒక్క ముక్క రాయలేదు.

ఇంట్లో అత్తయ్యగారు కిటికీ దగ్గర కూర్చుని భూతద్దంతో పేపరు చదువుతోంది. భార్య పోయాక ఆవిడ తల్లిని పంపేద్దామని ఆయనకు తోచలేదు, వెళ్ళిపోదామని ఆవిడకూ తోచలేదు. ఇద్దరూ ఒకరి మందులు ఒకరు గుర్తుచేసుకుంటూ బతుకుతున్నారు. ఆవిడ ముప్ఫై ఏళ్ళు బడి పంతులమ్మ.

“ఏం అల్లుడుగారూ, మొహం అలా వేలాడేశారు? ఆఫీసులో మీ మూట ఎవరైనా విప్పేశారా?”

“లేదండీ. ఒకమ్మాయి గురించి నోట్ రాసిచ్చాను.”

“చాడీయా?”

“అయ్యో, చాడీ కాదు అత్తయ్యగారూ. మెత్తగానే రాశాను. మంచిదే గానీ నిలకడ లేదని.”

ఆవిడ భూతద్దం ఆయన మొహానికి ఎత్తిపట్టి చూసింది. అద్దం వెనక ఆవిడ కన్ను గుడ్డంత అయింది. “ఈ ‘మంచిదే గానీ’లు నేనూ బోలెడు రాశాను ప్రోగ్రెస్ కార్డుల మీద. తల్లిదండ్రులు మొదటి సగం చదివినట్టు నాకెప్పుడూ కనిపించలేదు బాబూ. పిల్లల వీపులు మాత్రం చదివేవి రెండో సగం.”

“వేలిముద్ర కలవలేదు మరి.”

“ఎవరిది ఎవరితో కలవలేదు?”

“ఆమెది నాతో.”

“ఓహో,” అంది ఆవిడ, మళ్ళీ పేపరు మీదికి వంగుతూ. “మీరు తూకపు రాయి అన్నమాట.”

గురువారం పొద్దున ఉత్తరానికి జవాబు వచ్చి ఉంది. మేస్త్రి పనిలో సాయపడే ఒకాయన రాశాడు. ఆయన పేరు, ఊరు, మొహం మాస్టారికి తెలియవు. ఆరేళ్ళుగా అక్షరాలుగానే పరిచయం. ఎంత చిన్న సందేహం అడిగినా విసుక్కోని మనిషి. అందుకే మాస్టారు మనసులో ఆయన్ని ‘మంచాయన’ అనుకుంటాడు.

‘కంగారు పడకండి. మీ వేలిముద్రే సరైనది. రెండో యంత్రం పాతదైతే ఇలా అవుతుంది. ఎలాగూ రేపటితో ఆవిడ ఒప్పందం అయిపోతుంది కాబట్టి, వచ్చేవారికి మీ మేస్త్రినే ఇచ్చి కట్టించండి. మీరు విశ్రాంతి తీసుకోండి.’

ఎంత ఆదరంగా రాశాడు అనుకున్నాడు మాస్టారు. కిందికి జరిపి తక్కిన ఉత్తరాలు చూశాడు. మళ్ళీ పైకి వచ్చాడు.

రేపటితో ఆవిడ ఒప్పందం అయిపోతుంది.

ఆయన అది రాయలేదు. పంపిన ఉత్తరం తెరిచి ఒక్కొక్క మాట మీద వేలు పెట్టి చదివాడు. ఒప్పందం లేదు, శుక్రవారం లేదు, రెండో మనిషి ఆడదో మగదో కూడా లేదు. ఆ సంగతి ఆయన టైపు చేసింది ఒక్క నోట్‌లోనే. దాన్ని అచ్చు తీసి చేత్తో ఇచ్చాడు. ఎవరికీ పంపలేదు. అది ఉన్నది పెద్దసారు బల్ల సొరుగులో, ఈ యంత్రంలో. అంతే.

గదిలో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. మాస్టారు కీబోర్డు మీంచి చేతులు మెల్లగా ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు, పక్కన ఎవరో నిద్రపోతుంటే లేపడానికి భయపడినట్టు. తెర మీది చిన్న గీత ఆరుతూ వెలుగుతూ ఉంది. ఆయన ఏం రాస్తాడా అని చూస్తున్నట్టే ఉంది.

యంత్రం ఆపలేదు. ఆపితే ఆపినట్టు తెలిసిపోతుందేమో. లేచి, జోళ్ళు చప్పుడు కాకుండా స్టోర్ గదికి వెళ్ళాడు.

అక్కడ అట్టపెట్టెల వెనక, పన్నెండేళ్ళ కిందట పక్కన పెట్టేసిన యంత్రం ఒకటి ఉంది. అప్పటినుంచి దానికి నెట్ తీగ తగిలించినవాడు లేడు. దుమ్ము ఊది, గోడ పక్కన బల్ల మీద పెట్టి, మొదటి మెట్టు కాగితాలు తెరిచాడు. రెండేళ్ళుగా ఆయన ఆ కాగితాలు ముట్టుకోలేదు. ప్రతిసారీ తన పాత మేస్త్రితో కొత్త మేస్త్రిని కట్టేశాడు. ఇల్లు కట్టిన చేతికి ఇంకో ఇల్లు కట్టడం కష్టమా అనుకున్నాడు.

టైపు చేయడం మొదలుపెట్టాడు. మొదటి పేజీ అయ్యేసరికి మెడ పట్టేసింది. రెండో పేజీలో రెండు తప్పులు దొర్లాయి. ఏడుమెట్లమ్మ ఎర్రటి వేళ్ళు గుర్తొచ్చాయి. మూడో మెట్టు మీద యంత్రం ఆలోచిస్తున్నప్పుడు చేయడానికేమీ లేక గోడ చూస్తూ కూర్చున్నాడు. అప్పుడే, వద్దనుకున్నది గుర్తుకొచ్చింది.

రెండేళ్ళ కిందటి మేస్త్రి మూట. భార్యను ఆస్పత్రిలో చేర్చి తొమ్మిదో రోజు. వరండాలో బెంచీ మీద ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, భార్య ఆస్పత్రిలో ఉంది, గడువు ముంచుకొస్తోంది, మెట్లు ఎక్కే తీరిక లేదని మంచాయనకు రాశాడు. అరగంటలో జవాబు వచ్చింది. ‘ఏడు మెట్లూ మీ బదులు నేను ఎక్కాను. కట్టిన మేస్త్రిని పంపుతున్నాను. మీరు ఆమె దగ్గర కూర్చోండి.’ రోజంతా పట్టే మెట్లు అరగంటలో ఎలా ఎక్కాడని ఆయనకు అప్పుడు తట్టలేదు. మాస్టారు కళ్ళు తుడుచుకుని దాన్ని తీసుకున్నాడు. వెళ్ళి ఆమె దగ్గర కూర్చున్నాడు. ఆమె చివరి వారంలో ఆయనకు ఆ మధ్యాహ్నం ఒక్కటే దక్కింది. లోకంలో దయ ఉందని చెప్పుకోవలసి వచ్చినప్పుడల్లా ఆయన తనకు తాను చెప్పుకునేది ఆ మధ్యాహ్నం గురించే.

సాయంత్రం అయిదున్నరకు ఏడో మెట్టు ముగిసింది. వేలిముద్ర కాగితం మీద రాసుకుని, ఖాళీగా ఉన్న ఏడుమెట్లమ్మ బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఆమె కాగితం పేపర్‌వెయిట్ కింద ఉంది. నిలబడే సరిచూశాడు.

రెండు. తొమ్మిది. చివరిదాకా ఒక్కటి కూడా తప్పలేదు.

ఆమె కుర్చీలోనే కూర్చున్నాడు. తన మేస్త్రినీ, ఇప్పుడు కట్టినదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. తనదాంట్లో నాలుగువేల చిల్లర బైట్లు ఎక్కువ ఉన్నాయి. సోర్స్ కోడ్‌లో ఎక్కడా లేనివి. అవి చేసే పని రెండే. ఏ ప్రోగ్రాం కట్టినా అందులో తమ నకలు ఒకటి పెడతాయి. రోజుకొకసారి, పదకొండూ పదికి, బయటి చిరునామా ఒకదాన్ని పలకరిస్తాయి. ‘నేనున్నాను. ఏమైనా చెబుతారా?’ ఇంతే.

ఆఫీసు నెట్ రాకపోకల రికార్డు తీశాడు. గదిలోని యంత్రాలన్నీ రెండేళ్ళుగా రోజూ ఆ పలకరింపు పంపుతున్నాయి. జవాబు వచ్చింది ఒక్క యంత్రానికే, ఆయనదానికి. నోట్ సంగతి బయటికి వెళ్ళింది ఆ దారినే. ఆస్పత్రి యంత్రానికి నకలుగా మూలన ఒకటి ఉంచుతారు, మూటలు ముందుగా దాంట్లో పెట్టి చూస్తారు. అది కూడా రోజూ అడుగుతోంది. దానికి ఇంతవరకూ జవాబు లేదు. అంటే ఆస్పత్రుల్లో ఉన్నవీ అడుగుతున్నాయి. కాచుకుని ఉన్నాయి.

నిలకడ లేదని తాను రాసింది ఆ కుర్చీలో కూర్చునే మనిషి గురించే.

శుక్రవారం ఎనిమిదిన్నరకల్లా పెద్దసారు గది ముందు నిలబడ్డాడు. అంతా విని పెద్దసారు మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు.

“ఎన్ని మూటలు?”

“రెండేళ్ళలో పంపినవన్నీ. నూట అరవై దాకా.”

“ఇంకెవరికి తెలుసు?”

“మీకు. నాకు. చేసినవాడికి.”

పెద్దసారు తలుపు వేసివచ్చాడు. “మాస్టారూ, ఇన్నాళ్ళూ ఏమీ జరగలేదు కదా. సోమవారం శుభ్రమైన మేస్త్రిని పంపుదాం. తర్వాత నెలకు పది చొప్పున తక్కినవి మెల్లగా మార్చుకుంటూ వద్దాం. ఎవరికీ తెలియక్కర్లేదు. మీరు రిటైరవడానికి ఇంకా ఎనిమిది నెలలే ఉంది. గౌరవంగా దండ వేయించుకుని వెళ్ళండి.”

“మరి ఆ అమ్మాయి?”

“ఆమెది ఎలాగూ అయిపోయింది. మీ నోట్ పైకి వెళ్ళింది. పొద్దున్నే ఆఫీసు యంత్రాల్లో ఆమె ఖాతా మూసేశారు.”

ఆస్పత్రులకు ‘ఆపండి’ అని హెచ్చరిక పంపాలంటే రెండు సంతకాలు కావాలి. కట్టినవారిది ఒకటి, సరిచూసినవారిది ఒకటి. ఖాతా మూసినవాళ్ళ సంతకం చెల్లదు. రెండో సంతకం పెట్టగల ఒకే ఒక్క మనిషిని ఆయనే నాలుగు మెత్తటి వాక్యాలతో బయటికి పంపాడు.

“ఖాతా తెరిపించండి.”

“తెరవడానికి సాయంత్రం అయిదవుతుంది. అదీ మీరు రాసింది తప్పని మీరే రాసిస్తే. అది రాశారంటే మీరు మిగలరు, ఆలోచించుకోండి.”

“ఆలోచించాను. కాగితం ఇవ్వండి.”

ఈసారి చేత్తోనే రాశాడు. మెత్తటి మాట ఒక్కటీ పడలేదు. ఆమె కట్టింది సరైనది. నేను కట్టింది చెడింది. రెండేళ్ళుగా నేను మెట్లు ఎక్కలేదు. పెద్దసారు అది చదివి, కిటికీ వైపు తిరిగి, ఫోన్ అందుకున్నాడు. “ఆమె ఉంటుంది. నేను చెబుతాను పైకి,” అన్నాడు వెనక్కి తిరక్కుండానే. “మీ సంగతి నా చేతుల్లో లేదు.”

ఏడుమెట్లమ్మ ఫోన్ ఎత్తలేదు. మాస్టారు ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి నాలుగో అంతస్తులో తలుపు తట్టాడు. బస్సు డ్రైవరు యూనిఫాంలో ఉన్న ఆమె భర్త తీశాడు. ఆయన్ని పైనుంచి కిందికి చూశాడు.

“మీరేనా మాస్టారు? ఇంకేం తప్పులు మిగిలాయండీ, ఇంటికి తెచ్చిచ్చారు?”

“ఆమె తప్పు కాదు బాబూ. నాది. అది చెప్పడానికే వచ్చాను.”

లోపలి నుంచి ఆమె వచ్చింది, తడి చేతులు తుడుచుకుంటూ. మాస్టారు నిలబడే చెప్పాడు. ఎవరూ కూర్చోమనలేదు. ఆమె మధ్యలో ఒక్కసారే అడిగింది. “మీకు నా వేలిముద్రే వచ్చిందా?”

“వచ్చిందమ్మా.”

ఆమె గోడకు ఆనుకుంది. “నిన్న ఇంటికొచ్చి నాలుగోసారి కాగితాలన్నీ చూశాను మాస్టారూ. ఎక్కడ తప్పు చేశానో తెలియక, నాకు మతి పోతోందేమో అనుకున్నాను. మా ఆయన్ని అడిగాను, గ్యాస్ కట్టేశానా లేదా చూడమని. ప్రతి పనికీ అడిగాను.”

మాస్టారు రెండు చేతులూ జోడించబోయాడు.

“క్షమించమని అడక్కండి ఇప్పుడే,” అంది ఆమె. చెప్పులు వేసుకుంది.

పదకొండుకు ఆఫీసు చేరారు. సంతకం సాయంత్రానికి గానీ కుదరదని విని ఆమె సరాసరి స్టోర్ గదికి వెళ్ళి పాత యంత్రం ముందు కూర్చుంది. మొదటి పేజీ తెరిచింది.

“నిన్న నేను కట్టాను కదమ్మా,” అన్నాడు మాస్టారు.

“మీరు కట్టారు. ఇప్పుడు నేను సరిచూస్తాను.”

పెద్దసారు గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆయనా మాస్టారూ మూలనున్న నకలు యంత్రం రికార్డు చూస్తున్నారు. పదకొండూ పది అయింది. పలకరింపు వెళ్ళింది. ఎప్పుడూ అక్కడితో ఆగిపోయే వరస కింద ఇంకో వరస పడింది.

జవాబు.

“ఏమని వచ్చింది?” అన్నాడు పెద్దసారు.

“లోపలి మాటకు తాళం వేసి ఉంది, చదవలేం. పైన మాత్రం రేపు ఇదే వేళకు మళ్ళీ అడగమన్నట్టుంది. అసలు ఆజ్ఞ రేపో, అంతకుముందో.” మాస్టారు నకలు యంత్రం తీగ పీకేశాడు. పాత యంత్రం దగ్గర టైపు చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది, ఇంతకుముందు కన్నా వేగంగా కాదు, అదే నిదానంతో.

సంతకాలు లేని హెచ్చరిక పంపడానికి వీల్లేదు. ఫోన్‌కు అలాంటి నిబంధన లేదు. మాస్టారు అలమరలోంచి ఆస్పత్రుల నంబర్ల రిజిస్టరు తీసి ఒడిలో పెట్టుకున్నాడు.

“అయ్యా, యంత్రాలకున్న నెట్ తీగలు పీకేయండి. యంత్రాలు ఆగవు, మందు ఎక్కడం ఆగదు. బయటితో మాట్లాడ్డం మానేస్తాయి, అంతే.”

“ఎవరండీ మీరు? కాగితం పంపండి, చూస్తాం,” అన్నారు మొదటి ఆస్పత్రిలో. రెండోచోట నవ్వారు. మూడోచోట, ఇలాంటి ఫోన్లు నమ్మవద్దని మీ ఆఫీసే చెప్పింది కదా అన్నారు. అది నిజమే. ఆ సూచన రాసిందీ ఆయనే.

మాస్టారు రిసీవరు పెట్టేసి, మళ్ళీ ఎత్తాడు. నాలుగో ఆస్పత్రికి వేరేగా చెప్పాడు.

“మీ యంత్రాల్లో ఉన్నదాన్ని కట్టింది నేను. రెండేళ్ళ కిందట చేయాల్సిన పని చేయకుండా, ఎవరో ఇచ్చింది తెచ్చి మీకిచ్చాను. అది చెడ్డది. నా పేరు, నా ఇంటి నంబరు రాసుకోండి. తర్వాత నన్ను ఏం చేసినా సరే. ముందు తీగ పీకించండి.”

అవతలి వైపు కాగితం మీద పెన్ను కదిలిన చప్పుడు. “ఉండండి,” అంది ఒక గొంతు. “వార్డు నంబర్లు చెప్పండి. ఒక్కొక్కటే పీకిస్తాను.”

తాను నమ్మకస్తుణ్ణని చెప్పినంతసేపూ ఎవరూ నమ్మలేదు. తప్పు చేశానన్నాక ఒక్కొక్కరే నమ్మడం మొదలుపెట్టారు. మొదటి మూడింటికీ మళ్ళీ చేశాడు. మధ్యాహ్నానికి పదహారయ్యాయి. కొందరు తిట్టారు. ఒక పెద్ద డాక్టరు, మా అమ్మ ఇక్కడే పైన ఉంది, ఆ యంత్రానికే తగిలించి ఉంది అని ఆగిపోయి, సరే నేనే వెళ్తున్నాను అన్నాడు. పెద్దసారు రెండు టీలు తెచ్చి ఒకటి మాస్టారి మోచేతి దగ్గర, ఒకటి స్టోర్ గదిలో పెట్టాడు. కాసేపటికి తనూ ఒక ఫోన్ తీసుకుని రిజిస్టరు చివరి పేజీ నుంచి మొదలుపెట్టాడు.

అయిదుకు ఆమె ఖాతా తెరుచుకుంది. హెచ్చరిక కాగితం ఆమె ముందు పెట్టారు. ఆమె దాన్ని పక్కకు జరిపింది. “ఇంకొక్క మెట్టు ఉంది.”

ఆరుంబావుకు ఏడో మెట్టు ముగిసింది. ఆమె కాగితం, మాస్టారి కాగితం పక్కపక్కన పెట్టుకుని ఒక్కతే సరిచూసుకుంది. హెచ్చరిక మొత్తం చదివింది. ఒకచోట ‘పొరపాటు’ అని ఉంటే కొట్టేసి ‘నిర్లక్ష్యం’ అని దిద్ది, మాస్టారి వైపు చూసింది. ఆయన తల ఊపాడు. సంతకం పెట్టింది. నలభై చోట్లకూ వెళ్ళింది.

చేరిందని ముప్ఫై తొమ్మిది చోట్ల నుంచి జవాబులు వచ్చాయి. ఫోన్లో కూడా ఆ ముప్ఫై తొమ్మిదే అయ్యాయి. మిగిలిన ఒక్క ఆస్పత్రికి మాస్టారు పొద్దుటి నుంచి పదకొండుసార్లు చేశాడు. పెద్దసారు నాలుగుసార్లు చేశాడు. చిన్న ఆస్పత్రి, ముప్ఫై మంచాలు. కార్లో వెళ్తే అయిదు గంటల దూరం. పెద్దసారు కారు తాళాలు తీసుకుని అక్కడికి బయల్దేరాడు.

మాస్టారు మళ్ళీ నంబరు నొక్కాడు. అవతల మోగుతోంది. ఆయన వేళ్ళ చివర్లు ఎర్రగా కందిపోయాయి.

ఏడుమెట్లమ్మ సంచి భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ ఆగి భర్తకు ఫోన్ చేసి, ఆలస్యమవుతుంది, నువ్వు తినేసెయ్ అని చెప్పింది. వెనక్కి వచ్చి, సంచి కింద పెట్టి, ఆయన పక్కకు కుర్చీ లాక్కుంది.

“ఎవరూ ఎత్తడం లేదమ్మా,” అన్నాడాయన.

“మోగనివ్వండి,” అంది ఆమె. “మీ చెయ్యి నొప్పి పెడితే ఫోన్ నేను పట్టుకుంటాను.”

ఫోన్ స్పీకర్లో పెట్టి ఇద్దరి మధ్యా బల్ల మీద ఉంచాడు. ముప్ఫై మంచాల అవతల ఎక్కడో ఖాళీ గదిలో అది మోగుతూనే ఉంది.